ఫోన్‌లోని మాట, దాని వెనుక పని

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక యాప్ వద్దనుకున్నప్పుడు, సెట్టింగ్స్‌లో దాని పేరును నొక్కి, అక్కడ ‘అన్‌ఇన్‌స్టాల్’ అని ఉందో, ‘డిసేబుల్’ అని మాత్రమే ఉందో ముందుగా గమనించండి. మొదటిది యాప్‌ను తీసివేస్తుంది. రెండవది దానిని పనిచేయకుండా ఆపి కంటికి కనబడకుండా దాచుతుందే తప్ప, తయారీదారు ముందే నింపి ఇచ్చిన ఆ యాప్ ఫోన్‌లోనే ఉంటుంది. అక్కడే ఉండే ‘ఫోర్స్ స్టాప్’ నడుస్తున్న యాప్‌ను ఆపుతుంది; పేరు ఎంత గట్టిగా వినిపించినా ఆ ఆపడం తాత్కాలికమే.

ప్లే స్టోర్ వెలుపలి నుంచి యాప్ వేసుకోవడాన్ని ‘సైడ్‌లోడింగ్’ అంటారు. కంప్యూటర్‌లో ఇదే పనిని ఇన్‌స్టాల్ చేయడమనే అంటాము కనుక, దొడ్డిదారి అన్న ధ్వని పేరులోనిదే గాని పనిలోనిది కాదని నా అభిప్రాయం. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఇలా బయటి యాప్‌లను వేసే అనుమతిని ఫోన్ మొత్తానికి కాక, వాటి ఫైల్‌ను తెచ్చే బ్రౌజర్ వంటి ఒక్కొక్క యాప్‌కు విడిగా ఇవ్వాలి. కాబట్టి ఫైల్ తెచ్చిన బ్రౌజర్‌కు మాత్రమే అనుమతినిచ్చి, పని ముగియగానే వెనక్కి తీసుకోండి.