కౌబాయ్స్ ఆట చదవడం నేర్చుకుందాం, 4వ పాఠం: బంతిని వదిలేసి లైన్ చూడండి

డల్లాస్ కౌబాయ్స్, అంటే ఇక్కడి మన అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ ఆట చూడ్డం నేర్చుకుంటున్నాం కదా, పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? స్నాప్‌కి (బంతి వెనక్కిచ్చి ఆట మొదలుపెట్టే క్షణానికి) ముందు డిఫెన్స్ వాళ్ళు, అంటే ఆపడానికి నుంచున్న ఎదుటి టీమ్, లైన్ దగ్గర ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టమన్నా కదా, అది అలవాటయితే ఈ పాఠం తేలిగ్గా ఎక్కుద్ది, అవ్వకపోతే ఒక మ్యాచ్ మొత్తం అదొక్కటే చేసి రండి, తొందరేం లేదు.

ఈసారి ఆఫెన్సివ్ లైన్, అంటే బంతి మన దగ్గరున్నప్పుడు ముందు నుంచుని ఎదుటోళ్ళని ఆపే ఐదుగురు, దాని పక్కనుండే టైట్ ఎండ్. ఇక్కడ ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు మనోళ్ళ ఇళ్ళల్లో ఆదివారం మ్యాచ్ పెడితే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ గురించీ దాన్ని పట్టే రిసీవర్ సీడీ ల్యాంబ్ గురించీ గంటలు గంటలు మాట్లాడుకుంటాం, లైన్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "లైన్ అస్సలు బాలేదు" అని ఒక్క ముక్కతో తేల్చేస్తాం. ఐదుగురిలో ఎవరు బాలేదు, ఎలాంటి ప్లేలో (స్నాప్ నుంచి విజిల్ దాకా జరిగే ఒక్క ముక్క ఆటలో) బాలేదు, అని అడిగితే ఎవరూ చెప్పరు. పాఠం అయ్యేసరికి మీరు చెప్పగలగాలి.

మాది ప్రకాశం జిల్లా. చిన్నప్పుడు సంక్రాంతికి బండలాగుడు పోటీలకి నాన్న తీసుకెళ్ళేవాడు, జనమంతా బండ ఎంత దూరం కదిలిందా అని చూస్తుంటే నాన్న మాత్రం గిత్తల వెనక్కాళ్ళు చూడరా అనేవాడు, గిట్ట నేలలో దిగిందా జారిందా, జతలో రెండూ ఒక్కసారే ఒంగాయా లేక ఒకటి ముందే లాగేసి రెండోది కాడి కింద తేలిపోయిందా, అది చూస్తే బండ కదిలేలోపే సంగతి తెలిసిపోయేది. ఇన్నేళ్ళ తర్వాత టెక్సాస్‌లో కూర్చుని నేను లైన్ చూసేది అలాగే. బంతి ఎటు పోయిందో తర్వాత రీప్లేలో ఎలాగూ చూపిస్తారు, మీరు కాళ్ళు చూడండి.

ముందు ఎవరెక్కడో గుర్తుపట్టాలి. మధ్యలో బంతి వెనక్కి ఇచ్చేవాడు సెంటర్, అటూ ఇటూ గార్డులు, ఆ చివరా ఈ చివరా టాకిల్స్. జెర్సీ మీద 50 నుంచి 79 లోపు నంబర్ ఉంటాయి, ఆ నంబర్ వాళ్ళకి పాస్ విసరాలంటే ముందు రిఫరీకి చెప్పుకోవాలి. టాకిల్ పక్కన, చెయ్యి నేలకి ఆనించి ఇంకొకడుంటే వాడే టైట్ ఎండ్, వాడు ఎదుటోణ్ని అడ్డుకునే బ్లాకూ చేస్తాడు పాసూ పడతాడు. ఒక్కోసారి ఒకడుగు వెనకా, ఒక్కోసారి రిసీవర్ లాగా బయటెక్కడో నుంచుంటాడు, ఎక్కడ నుంచున్నాడో ప్రతి ప్లేకి ముందు చూసుకోండి.

ఇప్పుడు మొదటి అడుగు. స్నాప్ అవ్వగానే లైన్‌లో హెల్మెట్లు పైకి లేచి ఒంట్లు వెనక్కి జరిగితే పాస్, హెల్మెట్లు కిందనే ఉండి ముందుకో పక్కకో వస్తే రన్, అంటే బంతి విసరకుండా పట్టుకుని పరిగెత్తడం. కొన్నిసార్లు రన్ లాగా నటించి పాస్ వేస్తారు, అప్పుడు కూడా పట్టుకోవచ్చు, ఎందుకంటే పాస్ ప్లేలో బంతి గాల్లోకి లేచేదాకా లైన్ వాళ్ళు గజం దాటి ముందుకి పోకూడదు, పోతే తప్పని రిఫరీ ఫ్లాగ్ పడిద్ది. కాబట్టి గార్డ్ మూడు నాలుగు గజాలు దూరి లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ లైన్ వెనక నుంచునేవాడు) మీద పడ్డాడంటే దాదాపు రన్నే. ఇంకో చిన్న గుర్తు, నేలకి ఆనించిన చేతి వేళ్ళ మీద బరువంతా వేసి ముందుకి ఒరిగి ఉన్నాడా, లేక వేళ్ళు ఊరికే గడ్డికి తగిలించి మడమల మీద కూర్చున్నట్టున్నాడా. మొదటిది ముందుకి తోసేవాడి తీరు, రెండోది వెనక్కి జరిగేవాడి తీరు. దగ్గర కెమెరా పడ్డప్పుడు చూడండి, మొదటోడి వేళ్ళు వెనక్కి ఒంగి గోళ్ళు తెల్లబడి ఉంటాయి. అందరూ ఈ గుట్టు బయటపెట్టరు, మంచివాళ్ళు అసలు పెట్టరు.

ఐదుగుర్నీ ఒకేసారి చూడాలని మాత్రం కూర్చోకండి, ఎవరూ చూడలేరు, కోచ్‌లు కూడా ఒకే ప్లేని మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి ఒక్కొక్కణ్నీ విడిగా చూస్తారు. ఒక డ్రైవ్ (బంతి మన చేతికొచ్చి మళ్ళీ పోయేదాకా) మొత్తం ఒక్కణ్ని పట్టుకోండి. గోల్‌పోస్ట్ వెనక కెమెరా నుంచి తీసిన ఫిల్మ్ దొరికితే అదే చూడండి, టీవీలో పక్కనుంచి చూపించే దాంట్లో గార్డులూ సెంటరూ ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు.

మొదలుపెట్టడానికి టాకిల్ తేలిక, ఎందుకంటే చివర్లో ఒంటరిగా ఉంటాడు. పాస్ ప్లేలో నేను చూసేవి మూడు, కాళ్ళు, నడుము, చేతులు. కాళ్ళు ఒకదాన్నొకటి దాటకూడదు, బయటి కాలు వెనక్కి వేసి లోపలి కాలు దానెమ్మట జరపాలి. మోకాళ్ళు ఒంగాలి గానీ నడుము ఒంగకూడదు, నడుము ఒంగి తల ముందుకి పడిందంటే ఎదుటోడు పక్కకి లాగేసి దాటుకుపోతాడు, కబడ్డీలో రైడర్ మీదకి తలొంచి దూకిన డిఫెండర్ గతే. చేతులు ఎదుటోడి ఛాతీ మీద లోపలికి ఉండాలి, భుజాల బయటికి పోయి జెర్సీ పట్టుకున్నాయంటే హోల్డింగ్, 10 గజాలు వెనక్కి.

టైమ్ కోసం స్నాప్ దగ్గర్నుంచి మనసులో "నూటొకటి, నూటరెండు, నూటమూడు" అనుకోండి, ఒక్కోటి సుమారు సెకను. నూటరెండు పూర్తయ్యేలోపు టాకిల్ ఓడిపోతే తప్పు వాడిదే. నూటమూడు దాటినా డాక్ బంతి పట్టుకునే ఉన్నాడంటే మొత్తం నింద టాకిల్ మీద వెయ్యకండి. ఇంకోటి, రషర్, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదకి దూసుకొచ్చే డిఫెన్స్ వాడు, బయటనుంచి చుట్టూ తిరిగి క్వార్టర్‌బ్యాక్ వెనక్కి వెళ్ళిపోయాడనుకోండి, చూడ్డానికి టాకిల్ ఓడినట్టే ఉంటది, కానీ అలా క్వార్టర్‌బ్యాక్‌ని దాటి వెనక్కి పోయేలా తోసెయ్యడం టాకిల్ గెలుపే, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్ ఒకడుగు ముందుకేస్తే చాలు, పాకెట్ (లైన్ వాళ్ళు చుట్టూ కాపాడే చోటు) అక్కడ ఖాళీగా ఉంటది. ఆ అడుగు వెయ్యకుండా వెనక్కే జరిగితే అది క్వార్టర్‌బ్యాక్ ఖాతా.

పోయిన సీజన్‌లో ఒక రోజు మా బావమరిది సోఫాలోంచి లేచి "బావా, ఆ రైట్ టాకిల్‌ని ముందు తీసెయ్యాలి, మళ్ళీ సాక్ ఇచ్చాడు" అన్నాడు. సాక్ అంటే బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం. రిమోట్ తీసుకుని నాలుగుసార్లు వెనక్కి తిప్పా. టాకిల్ తన మనిషిని శుభ్రంగా పట్టుకునే ఉన్నాడు, వాడికీ గార్డ్‌కీ మధ్యలోంచి లైన్‌బ్యాకర్ ఒకడు దూసుకొచ్చాడు, వాణ్ని ఆపాల్సిన రన్నింగ్ బ్యాక్ (లైన్ వెనక నుంచుని, రన్‌లో బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) అవతలి పక్కకి చూస్తున్నాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో రూల్ ఒకటే, వెనక్కి తిప్పకుండా ఎవరి పేరూ ఎత్తకూడదు.

సాక్ లెక్కలో ఇంకా పెద్ద పాఠం కావాలంటే 2017 నవంబర్ 12, అట్లాంటాలో ఫాల్కన్స్‌తో ఆట తీసుకోండి. లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ గజ్జల్లో గాయంతో ఆడలేదు, వాడి చోట ఛాజ్ గ్రీన్‌ని పెట్టారు. ఫాల్కన్స్ రషర్ ఏడ్రియన్ క్లేబోర్న్ ఒక్కడే 6 సాక్‌లు కొట్టాడు, మధ్యలో గ్రీన్‌ని తీసేసి ఇంకొకణ్ని పెట్టినా ఆగలేదు, 27-7తో ఓడిపోయాం. ఆ ఆట చూసినోళ్ళందరూ గ్రీన్‌నే తిట్టారు, వాడు ఓడిపోయింది నిజమే. కానీ మీరు ప్రతి సాక్‌నీ ఆపి ఆ పక్క సాయానికి ఎవరున్నారో చూడండి, పక్కన టైట్ ఎండ్ నుంచున్నాడా, రన్నింగ్ బ్యాక్ పోతూ పోతూ క్లేబోర్న్‌ని భుజంతో ఒక తోపు తోశాడా. బలహీనంగా ఉన్నోడికి సాయం పంపడం కోచ్‌ల పని, అది జరగనప్పుడు మీ కాగితం మీద రెండో పేరు కూడా పడాలి.

రన్ ప్లేలో నాకు ప్రాణం లాంటిది జంట బ్లాక్. సెంటరూ గార్డూ కలిసి ఒక భారీ డిఫెన్సివ్ టాకిల్‌ని (ఎదుటి లైన్ మధ్యలో ఉండేవాణ్ని) భుజాలు ఆనించి తోస్తారు, కాడి కింద గిత్తల్లాగా ఇద్దరి తుంట్లూ అతుక్కుని ఉండాలి, మధ్యలో సందు కనపడకూడదు. అలా తోస్తూ ఇద్దరి కళ్ళూ లైన్‌బ్యాకర్ మీదే ఉంటాయి, వాడు ఎటు కదిలితే అటువైపున్నోడు వదిలేసి వాడి మీదకి ఎక్కుతాడు. తొందరపడి ముందే వదిలితే కింద భారీ మనిషి లేచి రన్‌ని చంపేస్తాడు, ఆలస్యమైతే లైన్‌బ్యాకర్ వచ్చి చంపేస్తాడు. 2014లో ట్రావిస్ ఫ్రెడరిక్ సెంటర్‌గా, జాక్ మార్టిన్ రైట్ గార్డ్‌గా ఆడిన ఆటలు దొరికితే ఈ ఒక్కదాని కోసం చూడండి. ఆ ఏడాది రన్నింగ్ బ్యాక్ డిమార్కో మర్రీ 1,845 గజాలు పరిగెత్తాడు, ఎమిట్ స్మిత్ 1995లో పెట్టిన 1,773 గజాల కౌబాయ్స్ రికార్డు పోయింది. 2011లో టైరన్, 2013లో ఫ్రెడరిక్, 2014లో మార్టిన్, ముగ్గురూ డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునేదాంట్లో) ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్నోళ్ళే, మార్టిన్ అయితే మొదటి ఏడాదే ఆల్‌ప్రో, అంటే లీగ్ మొత్తంలో మేటివాళ్ళ జాబితాలోకి ఎక్కాడు. మార్టిన్ కాళ్ళు చూస్తే చిన్న చిన్న అడుగులు, ఎప్పుడూ రెండు పాదాలూ నేల మీదే ఉన్నట్టుంటాయి, అంత పెద్ద మనిషి అంత నెమ్మదిగా కనపడుతూ ఎవరికీ దొరక్కపోవడం నాకు ఇప్పటికీ ముచ్చటేస్తది.

కొత్తోళ్ళ విషయంలో మాత్రం ఓపిక పట్టండి, మనస్ఫూర్తిగా అడుగుతున్నా. 2024లో ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్న టాకిల్ టైలర్ గైటన్ ఓక్లహోమా కాలేజీలో ఆడింది కుడి పక్క, ఇక్కడికి రాగానే ఎడమ పక్క పెట్టారు. కుడిచేత్తో అన్నం తినేవాణ్ని రేపట్నుంచి ఎడంచేత్తో తిను అన్నట్టే, వెనక్కేసే కాలు మారిద్ది, ముందు తగిలే చెయ్యి మారిద్ది. ఫ్లాగులు బాగానే పడ్డాయి. అలాంటోడికి మార్కులేసేటప్పుడు ఒక్క మ్యాచ్ చూసి వెయ్యకూడదు, సెప్టెంబర్‌లో ఒకటి డిసెంబర్‌లో ఒకటి పక్కపక్కన పెట్టుకుని అదే తప్పు ఇంకా ఉందా పోయిందా అని చూడాలి.

ఇక టైట్ ఎండ్. ఇక్కడ అందరం చేసే పొరపాటు పట్టిన పాసుల లెక్క చూసి మనిషిని తూకం వెయ్యడం. కౌబాయ్స్ టైట్ ఎండ్ జేక్ ఫెర్గసన్ 2023లో 71 పాసులు పట్టి 761 గజాలు, 5 టచ్‌డౌన్‌లు, 2024కి వచ్చేసరికి 59 పాసులు, 494 గజాలు, టచ్‌డౌన్ ఒక్కటీ లేదు. అంకెలు చూస్తే మనిషి పడిపోయాడనిపిస్తది, కానీ ఆ ఏడాది డాక్ 8 మ్యాచ్‌లే ఆడాడు, ఫెర్గసన్‌కి కూడా తలకి దెబ్బ తగిలి కొన్ని ఆటలు పోయాయి. కాబట్టి బంతి రాని ప్లేల్లో ఏం చేశాడో చూడందే తీర్పు చెప్పకండి.

చూడాల్సింది ఇది. రన్‌లో తనకంటే బరువైన డిఫెన్సివ్ ఎండ్‌ని (ఎదుటి లైన్ చివరోణ్ని) టైట్ ఎండ్ చిత్తు చెయ్యక్కర్లేదు, వాడి తుంటికీ రన్నర్ దారికీ మధ్యలో తన ఒళ్ళు అడ్డంపెట్టి విజిల్ దాకా కాళ్ళు ఆడిస్తే చాలు, నేనైతే ప్లస్ వేస్తా. లైన్ అంతా ఒకవైపు జరుగుతుంటే టైట్ ఎండ్ వాళ్ళ వెనకనుంచి ఎదురు దిశలో అడ్డంగా పరిగెత్తుకొచ్చి అవతలి చివర ఖాళీగా వదిలేసిన ఎండ్‌ని గుద్దే ప్లే ఒకటుంటది, స్ప్లిట్ జోన్ అంటారు, ఆ గుద్దు సరిగ్గా తగిలితే రన్నర్ వెనక్కి కోసుకుని పోవడానికి దారి దొరుకుద్ది. పాస్‌లో పోతూ పోతూ రషర్‌ని తోసి వెళ్ళాడా, రూట్‌లో (పాస్ కోసం పరిగెత్తే దారిలో) ఖాళీ చోటు చూసి ఆగాడా లేక డిఫెండర్ ఒళ్ళోకే పరిగెత్తాడా. ఈ చివరిదానికి పాత కౌబాయ్స్ టైట్ ఎండ్ జేసన్ విటెన్‌ని మించినోడు లేడు, వేగం పెద్దగా లేకుండానే డిఫెండర్ ఏ భుజం మీద ఉన్నాడో చూసి రెండో వైపు తిరిగేవాడు, కౌబాయ్స్ తరఫునే 1,215 పాసులు పట్టాడు.

మార్కులు ఎలా వెయ్యాలంటే, నోట్‌బుక్‌లో ఒక్కో ప్లేకి ఒక్క గుర్తే. వాడి పని వాడు చేస్తే ప్లస్, చెయ్యకపోతే మైనస్, వాడి పనేంటో అర్థం కాకపోతే ప్రశ్న గుర్తు. రన్ ఎన్ని గజాలు వచ్చిందీ చూసి గుర్తు మార్చకండి, గార్డ్ బ్రహ్మాండంగా తోసినా టైట్ ఎండ్ ఓడితే రన్ ఆగిపోద్ది, అప్పుడు గార్డ్‌కి ప్లస్సే. ఏ ప్లే పిలిచారో మనకి వినపడదు కాబట్టి మొదట్లో ప్రశ్న గుర్తులు మూడోవంతుకి పైగా వస్తాయి, వాటిని బలవంతంగా మైనస్ చెయ్యొద్దు, గార్డూ టాకిలూ ఇద్దరూ ఒకణ్నే పట్టుకుని రెండోణ్ని వదిలేసిన ప్లే చూస్తే ఎవరిది తప్పో నేను కూడా ప్రశ్న గుర్తే పెడతా.

వచ్చే వారానికి పని. ఏదైనా ఒక కౌబాయ్స్ మ్యాచ్ రెండో క్వార్టర్ తీసుకోండి, లెఫ్ట్ గార్డ్ ఒక్కణ్నే 15 ప్లేలు, టైట్ ఎండ్‌ని 10 ప్లేలు చూసి గుర్తులు వెయ్యండి, ప్రతి మైనస్ పక్కన కాళ్ళా, నడుమా, చేతులా అని ఒక్క మాట రాయండి. ప్రశ్న గుర్తు పెట్టినవాటి టైమ్ కూడా రాసిపెట్టుకోండి, 5వ పాఠంలో రషర్లు ఇద్దరు ఒకరి చోటులోకి ఒకరు మారే స్టంట్ గురించి చెప్పుకుంటాం, మీ ప్రశ్న గుర్తుల్లో సగం అక్కడే విడిపోతాయి.