షామియానా కిందికి వెళ్లేముందు: పర్యావరణ అనుమతుల్లో మన మాట నమోదయ్యేలా చేయడం ఎలా?

మొదటిసారి ఒక ఫ్యాక్టరీ ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్లినప్పుడు మైకు పట్టుకుని ఐదు నిమిషాలు ఆవేశంగా మాట్లాడాను. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత మినిట్స్ తెప్పించుకుని చూస్తే నా ఉపన్యాసమంతా ఒక్క వాక్యం: "కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు." పక్కనే కంపెనీ జవాబు: "నిబంధనల ప్రకారం చర్యలు తీసుకుంటాం." రాసినవాళ్లను ఏమనగలను? రాసుకోవడానికి అంతకంటే నేనేమీ ఇవ్వలేదు.

ముందు ప్రకటన పట్టుకోండి

ఈ వ్యవహారమంతా 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం నడుస్తుంది. 'ఏ' (A) కేటగిరీ ప్రాజెక్టులను కేంద్ర పర్యావరణ శాఖ, 'బీ' (B) కేటగిరీవి రాష్ట్ర స్థాయి సంస్థ పరిశీలిస్తాయి. బీలోనే ఈఐఏ నివేదిక అక్కర్లేని బీ2 కింద పడితే ప్రజాభిప్రాయ సేకరణే ఉండదు. అందుకే ప్రాజెక్టు ఎందులోకి వస్తుందన్నది మొదటే పరివేష్ పోర్టల్‌లో (పర్యావరణ అనుమతుల కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్) చూసుకోవాలి.

సభకు కనీసం 30 రోజుల ముందు కాలుష్య నియంత్రణ మండలి ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. 2020లో వచ్చిన కొత్త నోటిఫికేషన్ ముసాయిదాలో దీన్ని 20 రోజులకు తగ్గించాలని చూశారు, అది అమల్లోకి రాలేదు. కంపెనీ ఇచ్చే వందల పేజీల ఈఐఏ నివేదిక చదవడానికి 30 రోజులే చాలవని నా అభిప్రాయం.

మన దగ్గర ఇంకో తికమక ఉంది. పరవాడ, అచ్యుతాపురాలను మనం ఇప్పటికీ వైజాగే అంటాం గానీ, 2022 ఏప్రిల్ నుంచి అవి అనకాపల్లి జిల్లా. అక్కడి ప్రాజెక్టు సభకు అధ్యక్షత వహించేది అనకాపల్లి కలెక్టర్ లేదా ఆయన తరఫు అధికారి. అర్జీ తప్పు కలెక్టరేట్‌లో ఇస్తే వారం పోతుంది.

నివేదికలో తేదీలు చూడండి

ఈ ఈఐఏ ముసాయిదా నివేదిక కలెక్టరేట్, జిల్లా పరిషత్ లేదా నగరపాలక సంస్థ, జిల్లా పరిశ్రమల కేంద్రం వంటి చోట్ల ఆఫీసు వేళల్లో చదువుకోవడానికి ఉండాలి. సంక్షిప్త నివేదిక తెలుగులోనూ ఉండాలి. చూపించకపోతే అక్కడికక్కడే కాగితం మీద అడిగి, రశీదు తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తును నమ్ముకుంటే జవాబుకే 30 రోజులు గడువు, ఈలోగా సభ అయిపోతుంది.

అంతా చదవక్కర్లేదు. గాలి, నీరు, సముద్రం కొలతలు ఏ నెలల్లో, ఏ చోట తీశారో ఉన్న పేజీలు వెతకండి. అసలు పట్టు అక్కడే దొరుకుతుంది.

విశాఖ గిన్నెలాంటి ఊరు. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో ఊరు, పరిశ్రమలు. చలికాలం ఉదయాల్లో పొగ పైకి లేవదు, అక్కడే నిలబడుతుంది. గాలి బాగా వీచే ఎండాకాలంలో మాత్రమే కొలిచి "పరిమితికి లోబడి ఉంది" అని రాస్తే, డిసెంబర్, జనవరి సంగతేంటని అడగాలి.

సముద్రంలోకి వ్యర్థ జలాల గొట్టం వేసే ప్రాజెక్టయితే వేటకెళ్లే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలల్లోనే సర్వే చేసి "చేపల రాబడి తక్కువ" అని రాస్తే, పడవలు ఒడ్డునుంటే రాబడి ఎక్కడిదని ఒక్క ప్రశ్న చాలు. ఆ గొట్టం చివర ఎక్కడుంటుందో, అక్కడ ఏ కాలంలో ఏ వల వేస్తారో వాళ్లకు తెలిసినంత నివేదిక రాసే కన్సల్టెంట్లకు తెలియదు.

కాగితం మీద పెట్టండి

ఒక అంశానికి ఒక పేరా. పేజీ నంబరు, అక్కడేం రాశారు, మీకు తెలిసినదేంటి, ఏం చేయాలి. ఉదాహరణకు: "ఫలానా పేజీలో మా వీధిలో కొలత తీసినట్లు లేదు. మేడ మీద ఆరేసిన బట్టలకు నల్లటి పొడి అంటుకుంటోంది, ఫొటోలు జతచేశాం. ఇక్కడ శీతాకాలంలో మళ్లీ కొలవాలి." ఇలా రాస్తే "చర్యలు తీసుకుంటాం" అని దాటేయడం కష్టం. ప్రాజెక్టును పరిశీలించి సిఫార్సు చేసే నిపుణుల కమిటీకీ పని తేలిక. జనం వల్లే అనుమతులు ఆలస్యమవుతాయని అంటుంటారు గానీ, లోపం ముసాయిదా దశలోనే బయటపడితే తర్వాత నివేదిక వెనక్కి వెళ్లే పని తప్పుతుంది. తుది నివేదిక అందాక కమిటీ పరిశీలనకు 60 రోజులు, నిర్ణయానికి మరో 45 రోజులు అని నోటిఫికేషన్‌లోనే ఉంది.

సభ రోజు

మూడు నిమిషాల్లో ముగించి, కాగితం చేతికిచ్చి రశీదు అడగండి. భోజనాల వేళకు లేచి వెళ్లిపోకండి. చివర్లో సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు కలెక్టర్ లేదా ఆయన ప్రతినిధి సంతకం పెట్టాలి. మీ అంశం అందులో లేకపోతే చెప్పాల్సింది ఆ క్షణంలోనే. సభను వీడియో కూడా తీస్తారు.

తర్వాత

2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరిగా లీకై 12 మంది చనిపోయారు. అంతకు ఏడాది ముందే, విస్తరణ దరఖాస్తుతో ఇచ్చిన అఫిడవిట్‌లో, చేస్తున్న ఉత్పత్తికి సరైన పర్యావరణ అనుమతి తమకు లేదని ఆ కంపెనీయే రాసింది. అప్పటి నుంచి మా ఇంటి చుట్టుపక్కల కంపెనీల కాగితాలు తిరగేయడం నాకు అలవాటైంది. అనుమతి పొందిన ప్రతి కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి. అవి ఎవరైనా చూడొచ్చు.

అనుమతి వచ్చాక కంపెనీ పత్రికల్లో ప్రకటన వేయాలి. అది కనిపిస్తే కత్తిరించి, పైన తేదీ రాసి దాచండి. చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచ్‌లో అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 60. ఆ పైన ఒక్క రోజు దాటినా తీసుకోరు.