పిర్రలకి పని చెప్పడం – 3వ పాఠం: ఏ ఎక్సర్‌సైజు ఉంచాలి, ఏది తీసేయాలి

పోయిన పాఠంలో కండల పేర్లు అయిపోయాయి కదా, పెద్దది గ్లూటియస్ మాక్సిమస్, పక్కకి పైన ఉండేది మీడియస్, దాని కింద దాక్కున్నది మినిమస్. ఇవాళ అసలు గొడవలోకి వద్దాం.

బరంపురంలో నేనెళ్ళే జిమ్ముకి ఓ కుర్రాడొస్తాడు, వచ్చిన దగ్గర్నుంచి మోకాళ్ళకి రబ్బర్ బ్యాండ్ తగిలించుకుని పీతలా పక్కకి నడవడం, తర్వాత కేబుల్‌తో కాలు వెనక్కి తన్నడం, ముప్పావుగంట ఇదే పని. "అన్నా, మండిపోతంది, బాగా పట్టిందన్నా" అంటాడు. మండటం వేరు నాయనా, కండకి సరిపడా బరువు అందటం వేరు.

బరంపురం దగ్గరున్న తారాతారిణి గుడి కొండ మెట్లెక్కినోళ్ళకి ఇది ఈజీగా అర్థమవుద్ది. 999 మెట్లు. ఒక్కో మెట్టూ ఎక్కితే పిక్కలు లాగుతాయి, ఆయాసం వస్తది, పిర్రకి పెద్దగా ఏం తెలీదు, ఎందుకంటే తుంటి దగ్గర మడత తక్కువ. అవే మెట్లు రెండేసి చొప్పున, ఒళ్ళు కాస్త ముందుకి వంచి ఎక్కి చూడండి (దిగేటప్పుడు మాత్రం వద్దు, ఒక్కోటే దిగండి), తొడ పైకి లేచి తుంటి బాగా మడుస్తది, అక్కడ్నించి ఒళ్ళంతా పైకి లేపాల్సింది పిర్రే.

అంచేత ఏ ఎక్సర్‌సైజు చూసినా నేను రెండే అడుగుతా: బరువు ఎక్కడ గట్టిగా పడతంది, ముందు ఏది అలిసిపోతంది?

స్క్వాట్ (బరువు మోస్తూ గుంజీల్లా కూర్చుని లేవడం), బల్గేరియన్ స్ప్లిట్ స్క్వాట్ (వెనక కాలు బెంచీ మీద పెట్టి ముందు కాలి మీద కూర్చుని లేవడం), రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (బరువు చేతుల్లో పట్టుకుని తుంటి దగ్గర ముందుకి వంగి లేవడం), వీటిలో బరువంతా కిందకి దిగినప్పుడు, కండ సాగినప్పుడు పడుద్ది. హిప్ థ్రస్ట్‌లో (వీపు బెంచీకి ఆనించి, తుంటి మీద బరువున్న బార్ పెట్టుకుని తుంటిని పైకి లేపడం) పైకి లేపినప్పుడు. 2023లో ఓ పరిశోధనలో జిమ్ము ఎరగని వాళ్ళని రెండు గుంపులు చేసి ఒకళ్ళతో స్క్వాట్, ఇంకొకళ్ళతో హిప్ థ్రస్ట్ 9 వారాలు చేయించి స్కాన్ తీస్తే పిర్రలు దాదాపు సమానంగానే పెరిగాయి, తొడలు మాత్రం స్క్వాట్ వాళ్ళకే ఎక్కువ. అంటే ఏది గొప్పని కొట్టుకోనక్కర్లేదు, తొడలు పెరగడం ఇష్టం లేనోళ్ళు థ్రస్ట్ వైపు మొగ్గండి, అంతే.

హిప్ థ్రస్ట్‌లో పైకి లేచినప్పుడు మోకాలి కింద ఎముక నిట్టనిలువుగా ఉండాలి. పాదాలు మరీ ముందుకి దూరంగా పెడితే తొడ వెనక కండ పనంతా లాగేసుకుంటది, ఒక్కోసారి పట్టేస్తది కూడా. మోకాలు బాగా మడిస్తే ఆ కండ కురచై బలం తగ్గుద్ది, అప్పుడు భారం పిర్ర మీదకొస్తది. బార్ కింద మందంగా ఏదైనా వేసుకోండి, నేను మొదటి వారం తువ్వాలు కూడా వెయ్యకుండా 60 కిలోలు లేపి తుంటెముక మీద నల్లగా కమిలితే నాలుగు రోజులు బెల్టు పెట్టుకోలేకపోయా.

రొమేనియన్‌కి ఒకటే గుర్తు. రెండు చేతుల్లో బిందెలుంటే తలుపుని పిర్రతో నెట్టి మూస్తాం చూడండి, అలా తుంటి వెనక్కి పోవాలి, మోకాలు కొంచెమే మడవాలి. నాట్లేసినట్టు వీపు గుండ్రంగా వంచితే అంతా నడుం మీద పడుద్ది. ఇంట్లో అయితే రెండు చేతుల్లో 10 కిలోల బియ్యం సంచులు చాలు మొదట్లో.

మీడియస్ సంగతి చిన్నది. ఒంటికాలి మీద నిలబడితే రెండోవైపు తుంటి జారిపోకుండా పట్టుకునేది అదే, బల్గేరియన్ చేస్తే దానికీ కొంత అందుద్ది, పైగా పక్కకి పడుకుని కాలు లేపడం రెండు సెట్లు కలపండి. బ్యాండ్ నడక వార్మప్‌కి ఉంచుకోండి, తీసేయమనట్లేదు.

ఈ వారం పని: హిప్ థ్రస్ట్ 3 సెట్లు, రొమేనియన్ 3 సెట్లు, బల్గేరియన్ కాలికి 2 సెట్లు, అన్నీ 8 నుంచి 12 సార్లు, వారానికి రెండు రోజులు. ప్రతి సెట్ అయ్యాక ఏది ముందు అలిసిందో ఫోన్‌లో రాసి పెట్టుకోండి, పిర్రా, తొడా, నడుమా. నడుం అని రెండుసార్లొస్తే బరువు తగ్గించండి. ఆ రాసిందాన్ని పట్టుకునే 4వ పాఠంలో బరువు ఎప్పుడు పెంచాలో చూద్దాం.