పాత సామాను అరుగుదల చూసి వయసు పోల్చుకోవడం ఎలా?

పాత ప్లేటో, గాజు కూజానో, సొరుగుల బల్లో చేతికొస్తే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న: దీన్ని వాడినవాళ్లు ఎక్కడ పట్టుకుని ఉంటారు, ఎక్కడ ఆనించి ఉంటారు, ఎక్కడ రుద్ది తోమి ఉంటారు? అరుగుదల ఆ చోట్లే కనిపించాలి. ఎవరి చెయ్యీ తగలని మూల అరిగిపోయి, పిడి మాత్రం కొత్తదిలా మెరుస్తుంటే అనుమానించండి.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, చిన్న టార్చి, అయస్కాంతం, కొలత టేపు, మెత్తని గుడ్డ దగ్గర పెట్టుకోండి. యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి ఉంటే ఇంకా మంచిది.

1. చూడకముందే కడగొద్దు

మురికి కూడా ఒక ఆధారం. ఏళ్ల తరబడి పేరుకున్న మురికి చెక్కుడు గీతల్లో, పిడి అతుకు దగ్గర, మూత అంచు కింద గట్టిగా ఉంటుంది. ఉబ్బెత్తు భాగాల మీద దాదాపు ఉండదు. పాతదిలా కనిపించాలని పూసిన రంగైతే అన్నిచోట్లా ఒకేలా పరుచుకుంటుంది, తడిగుడ్డతో రుద్దితే చాలాసార్లు గోధుమరంగుగా గుడ్డకే అంటుతుంది.

2. తిరగేసి అడుగు చూడండి

వస్తువు ఎక్కువగా రాసుకునేది అడుగునే. టార్చిని బాగా వాల్చి, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకోండి. నిజమైన వాడకం గీతలు పొడుగూ పొట్టీగా, తలా ఒక దిక్కుకు, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అవి బల్లకు ఆనే అంచు మీదే గుమిగూడతాయి. అన్నీ ఒకే దిక్కుకు, ఒకే లోతులో ఉంటే గరుకు కాగితం పని. బల్లకు ఆనని లోపలి గుంటలో కూడా గీతలుంటే మరీ అనుమానించాలి.

అడుగున ముద్ర ఉంటే చదవండి. అమెరికాకు దిగుమతయ్యే వస్తువుల మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నియమం 1891లో అమల్లోకి వచ్చింది. కాబట్టి ఇంగ్లిషులో దేశం పేరున్న ముద్ర చాలావరకు ఆ తర్వాతిదే. ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పటి నుంచి 1952 దాకా జపాన్‌లో సాగిన మిత్రరాజ్యాల ఆక్రమణ కాలానిదని అర్థం. ఆ ముద్రకు నకళ్లూ ఉన్నాయి, అందుకే ముద్ర ఒక్కటే చూసి తేల్చేయకండి. పాత్రను డిష్‌వాషర్‌లో, మైక్రోవేవ్‌లో వాడొచ్చని అడుగున రాసి ఉంటే మాత్రం అది ఎంత పాతదన్నది వేరే చెప్పక్కర్లేదు!

3. పింగాణీ: నెర్రెలు వేరు, పగులు వేరు

కొత్తగా చూసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మట్టి ఒక తీరుగా, పైనున్న గ్లేజు (గాజులాంటి పూత) మరో తీరుగా వ్యాకోచిస్తే, లేదా మట్టి ఏళ్ల తరబడి తేమ పీల్చి కొద్దిగా ఉబ్బితే, గ్లేజులో సాలెగూడులాంటి సన్నని నెర్రెలు వస్తాయి. అవి పైపొరలోనే ఉంటాయి. పగులు అలా కాదు, మట్టిలోకి దిగుతుంది. తేడా తెలియాలంటే:

- గీత రెండోవైపు కూడా అదే చోట కనిపిస్తే పగులే.
- పాత్ర పలచనిదైతే వెనక టార్చి పెట్టండి. పగులు నల్లని గీతలా కనబడుతుంది.
- పాత్రను వేళ్ల కొసల మీద నిలిపి అంచుమీద గోటితో తట్టండి. గట్టి పింగాణీ ‘టంగ్’మని మోగుతుంది, పగులుంటే ‘టక్’మని ఆగిపోతుంది. మందమైన మట్టిపాత్రకు ఈ పరీక్ష పనికిరాదు; అది బాగున్నా పెద్దగా మోగదు.

నెర్రెల్లో గోధుమ మరక సహజంగా పడితే ద్రవం నిలిచేచోట, పెచ్చు ఊడిన అంచుల దగ్గర ముదురుగా, మిగతా చోట్ల లేతగా ఉంటుంది. పాత్రంతా ఒకే ముదురులో ఉంటే టీ నీళ్లలో నానబెట్టి ఉండొచ్చు. మరక పోగొట్టాలని క్లోరిన్ బ్లీచింగ్‌లో వేయకండి. అది నెర్రెల్లోంచి లోపలికి ఇంకి, ఆరాక ఉప్పు స్ఫటికాలుగా మారి గ్లేజును పెచ్చులుగా లేపుతుంది.

బంగారు గీత కప్పు పిడిమీద, పెదవి తగిలే అంచున ముందు పోవాలి. అతికించి రంగేసిన చోటు యూవీ వెలుగులో సాధారణంగా చుట్టుపక్కలకంటే వేరే రంగులో మెరుస్తుంది.

4. గాజు

సీసాకు అచ్చు అతుకు గీత (అచ్చు భాగాలు కలిసే చోట పడేది) ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. మూతి కొస దాకా ఉంటే యంత్రం మీద చేసినది. పూర్తిగా యంత్రమే సీసా చేయడం 1903లో మొదలైంది. అతుకు మెడ దగ్గరే ఆగిపోతే మూతిని చేత్తో మలిచి ఉండొచ్చు. అసలు అతుకే లేకుండా, అడుగు మధ్యలో, పట్టుకోవడానికి అతికించిన కడ్డీని విరిచిన గరుకు మచ్చ ఉంటే చేతిపని అనుకోవచ్చు. చేతిపని అంటే పాతదని కాదు, ఇప్పటికీ ఊది చేసేవాళ్లున్నారు.

లోపల తెల్లని మసక ఉంటే కాస్త వెనిగర్ పోసి కొన్ని గంటలు ఉంచండి. నీటి ఉప్పు పొరైతే కరిగిపోతుంది. పోకపోతే గాజే పాడయ్యిందన్నమాట: నిలవనీటి వల్ల అందులోని క్షారాలు బయటికొచ్చి పైపొర తినేసింది. అది కడిగితే పోదు. నూనె రాసి కనబడకుండా చేస్తారు కూడా, కాబట్టి తడిగానో జిడ్డుగానో ఉన్న గాజును ఆరబెట్టి చూశాకే మాట.

5. లోహాలు

ముందు అయస్కాంతం పెట్టండి. ఇత్తడిలా ఉన్నది అతుక్కుంటే లోపల ఇనుమే. వెండిపూత ఉబ్బెత్తు భాగాల మీద, చెంచా వెనక బల్లకు ఆనేచోట ముందు పోతుంది. అక్కడ ఎర్రగా కనిపిస్తే కింద రాగి, పసుపు ఛాయ ఉన్న బూడిద రంగైతే నికెల్ కలిపిన లోహం. రాగిపాత్ర లోపలి కళాయి పోయి రాగి బయటపడితే మళ్లీ కళాయి పోయించేదాకా వంటకు, ముఖ్యంగా పులుపుకు వద్దు. గట్టిగా అంటుకున్న ముదురు రంగు పొరవల్ల లోహానికి హాని లేదు. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే లోహాన్ని తుప్పు ఇంకా తినేస్తోందని అర్థం, ఆ వస్తువును పొడిచోట వేరుగా పెట్టండి. ఎనామెల్ గిన్నె లోపల పెచ్చు ఊడితే అలంకారానికే ఉంచుకోవాలి.

6. చెక్క

చెక్క కాలక్రమేణా కుంచించుకుపోయేది ప్రధానంగా పొరకు (చెక్కలోని నార గీతలకు) అడ్డంగా. అందుకే పాత గుండ్రటి బల్లను పొర వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిస్తే కొన్ని మిల్లీమీటర్ల తేడా రావచ్చు. సొరుగు బయటికి లాగి కింది పట్టీలు చూడండి: ఏళ్ల పాటు లాగి తోసిన సొరుగులో అవి అరిగి గాడి పడి ఉంటుంది. లోపలి స్క్రూల తల మీద ప్లస్ గుర్తుంటే ఆ స్క్రూ 1930లకు ముందుది కాదు. అయితే మరమ్మతులో మార్చి ఉండొచ్చు, కాబట్టి ఒకటి తీసి చూడండి. రంధ్రం చుట్టూ పాత స్క్రూ ముద్ర ఉందేమో తెలుస్తుంది.

పురుగు రంధ్రాలుంటే వస్తువు కింద నల్ల కాగితం పరిచి రెండు మూడు వారాలు వదిలేయండి. కొత్తగా లేతరంగు పొడి రాలితే పురుగు బతికే ఉంది. దాన్ని మిగతా చెక్క సామానుకు దూరంగా పెట్టి మందు వేయించాకే ఇంట్లోకి తేవాలి.

7. వాడాలా, చూసుకోవాలా?

పాత గ్లేజుల్లో, పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది. గ్లేజు అరిగినా, నెర్రెలిచ్చినా ఆ పాత్రలో వేడివి, పుల్లనివి వద్దు. బంగారు గీతలున్న వాటిని మైక్రోవేవ్‌లో పెడితే నిప్పురవ్వలు వస్తాయి. వెంట్రుకవాసి పగులున్న కప్పులో మరిగే టీ పోస్తే పగులు ఇంకా పాకుతుంది. పూలు పెట్టుకోవాలన్నా లోపల ఇంకో చిన్న గ్లాసులో నీళ్లు పోసి పెట్టండి.