నల్ల తుపాకిమందు రివాల్వర్‌లో సిలిండర్ బిగుసుకుపోతే: కారణం, పరిష్కారం

అమెరికా అంతర్యుద్ధ కాలంనాటి (1861–65) రెమింగ్టన్, కోల్ట్ రివాల్వర్లకు నకళ్లుగా ఇటలీలో తయారయ్యే తుపాకులను ఇప్పటికీ గురి సాధనకు వాడుతున్నారు. వీటిలో తరచుగా ఎదురయ్యే ఇబ్బంది సిలిండర్ (మందూ గుళ్లూ నింపే అరలతో తిరిగే భాగం) బిగుసుకుపోవడం. దాన్ని విప్పే ముందు, అది క్రమంగా బిగిసిందా, ఉన్నట్టుండి ఆగిందా అన్నది గమనించాలి. కారణం అక్కడే సగం తెలిసిపోతుంది.

పేల్చేకొద్దీ హ్యామర్ (క్యాప్‌ను కొట్టే సుత్తి) లాగడం బరువవుతూ వస్తే, అది మసి పనే. సురేకారం 75, బొగ్గు 15, గంధకం 10 పాళ్లుగా కలిసిన నల్ల తుపాకిమందు కాలినప్పుడు దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. సిలిండర్‌కూ బ్యారెల్‌కూ (గొట్టానికీ) మధ్య సందులోంచి ఎగజిమ్మే ఆ మసి సిలిండర్ ముందు భాగానికీ ఇరుసుకూ పట్టి, పొడి వాతావరణంలో గట్టిపడుతుంది. కోల్ట్ ఇరుసు లావుగా ఉండి, గ్రీజు నిలిచే గాళ్లు కలిగి ఉండటంవల్ల కొంత ఓర్చుకుంటుంది. సన్నని, నున్నని ఇరుసున్న రెమింగ్టన్ త్వరగా మొరాయిస్తుంది. అరలన్నీ ఖాళీగా ఉన్నాయనీ, నిపుళ్లపై (సిలిండర్ వెనక క్యాప్ తొడిగే మొనలపై) క్యాప్‌లు (దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న మూతలు) లేవనీ నిర్ధారించుకున్నాక సిలిండర్ తీసి, ముందు భాగాన్నీ ఇరుసునూ తడిగుడ్డతో తుడిచి, తేనెమైనం, పశువుల కొవ్వు కలిపిన గ్రీజు రాయాలి. పెట్రోలియం నూనె మసితో కలిసి తారులా ముద్దకడుతుంది కనుక ఇక్కడ దాన్ని వాడకపోవడమే మేలని నా దృఢాభిప్రాయం.

ఉన్నట్టుండి ఆగితే మాత్రం పగిలిన క్యాప్ ముక్క యంత్రభాగాల్లో పడి ఉండవచ్చు. బలవంతంగా తిప్పకుండా, గొట్టాన్ని గురివైపే ఉంచి, ముక్కను వెతికి తీయాలి.

క్యాప్ పేలినా గుండు వెళ్లకపోతే నిప్పు వెళ్లే రంధ్రం మసితోనో నూనెతోనో మూసుకుపోయి ఉండవచ్చు. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు కాబట్టి కనీసం ఒక నిమిషం గొట్టాన్ని గురివైపే ఉంచి ఆగాలి. ఆ తర్వాత కొత్త క్యాప్ పెట్టి చూడాలి. రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేయడం అర ఖాళీ అయ్యాకే.

కాల్చిన రోజే కడగడం తప్పనిసరి. మసిలోని పొటాషియం లవణాలు గాలిలోని తేమను పీల్చి ఇనుమును తినేస్తాయి; అవి నూనెలో కరగవు, నీటిలో కరుగుతాయి. చెక్క పిడి, నిపుళ్లు విప్పి, మిగతా భాగాలను సబ్బు కలిపిన వేడినీటిలో బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరబెట్టి, పలుచగా నూనె పట్టించాలి. మర్నాడు తెల్లగుడ్డ ముక్కను బ్యారెల్‌లో దూర్చి తీసినప్పుడు ఎర్రమట్టి రంగు అంటుకుంటే, మళ్లీ కడగాల్సిందే.