రూట్ పార్టిషన్‌కు అడ్డుగా ఉన్న స్వాప్‌ను సర్వర్‌లో సరిచేయడం ఎలా?

లైనక్స్ సర్వర్‌ను తొలిసారి సిద్ధం చేసేటప్పుడు రూట్ పార్టిషన్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే డిస్కు భాగాన్ని) ఆనుకుని స్వాప్ పార్టిషన్‌ను పెట్టడం తరచుగా జరిగే పొరపాటు. తర్వాత డిస్కు పరిమాణం పెంచినా, కొత్త ఖాళీ స్థలం స్వాప్‌కు అవతలే ఉండిపోవడంతో రూట్ పెరగదు. స్వాప్‌లో ఉండేవి మెమరీ నుంచి తాత్కాలికంగా తరలించిన పేజీలే కనుక, సరిగ్గా ఆపి తొలగిస్తే డేటా ఏమీ పోదు. ప్రమాదమంతా తప్పు పార్టిషన్ నంబరు ఇవ్వడంలోనూ, బూట్ సమయంలో ఏ పార్టిషన్లను వాడాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్‌ను మరచిపోవడంలోనూ ఉంది.

మొదట బ్యాకప్ తీసుకోండి. 'ఎస్ఎఫ్‌డిస్క్' కమాండ్‌తో పార్టిషన్ టేబుల్‌ను ఒక ఫైల్‌లోకి తీసి, దాన్ని వేరే యంత్రంలో భద్రపరచండి. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' చూపించే పట్టికలో స్వాప్ నంబరును గుర్తించండి. అది 5వ నంబరు లాజికల్ పార్టిషన్ అయితే, దానిని ఇముడ్చుకున్న ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌ను కూడా తొలగించవలసి ఉంటుంది.

ఇక్కడ తొందరపడకూడదు. 'స్వాప్‌ఆఫ్' ఇచ్చినప్పుడు స్వాప్‌లోని పేజీలన్నీ తిరిగి మెమరీలోకి రావాలి కనుక, 'ఫ్రీ' కమాండ్ చూపే అందుబాటు మెమరీ, వాడుకలో ఉన్న స్వాప్ కంటే ఎక్కువగా ఉండాలి. లేకపోతే కెర్నల్ నడుస్తున్న ప్రోగ్రాములను బలవంతంగా ఆపేయవచ్చు. రూట్‌లో చోటుంటే ముందే స్వాప్ ఫైల్‌ను తయారుచేసి ప్రారంభించడం మేలని నా అభిప్రాయం. 'డీడీ'తో ఫైల్‌ను సృష్టించి, అనుమతులను 600కు మార్చి, 'ఎంకేస్వాప్', 'స్వాప్‌ఆన్' వరుసగా ఇవ్వాలి. బీటీఆర్‌ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌లో మాత్రం ఆ ఫైల్‌కు కాపీ ఆన్ రైట్ (మార్పులను పాత చోట కాక కొత్త చోట రాసే) సౌకర్యాన్ని ముందే ఆపివేయాలి.

పాత స్వాప్ ఆగాక ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో దాని వరుసను తొలగించి, కొత్త ఫైల్ వరుసను చేర్చండి. పాత యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) అక్కడే మిగిలితే, సర్వీసులను ప్రారంభించే సిస్టమ్‌డీ బూట్ సమయంలో లేని పార్టిషన్ కోసం సాధారణంగా 90 సెకన్లు ఎదురుచూస్తుంది. డెబియన్, ఉబుంటులలో ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ తొలి దశలో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) అమరికల్లోని 'రెజ్యూమ్' ఫైల్‌లోనూ అదే యూయూఐడీ ఉండవచ్చు. అక్కడా మార్చి 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్' నడపండి.

ఆపై 'పార్టెడ్'తో స్వాప్ పార్టిషన్‌ను తొలగించి, 'గ్రోపార్ట్'తో రూట్‌ను పెంచండి. ఈ కమాండ్‌లో డిస్కు పేరుకూ పార్టిషన్ నంబరుకూ మధ్య ఖాళీ వదలాలి. ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే 'రీసైజ్2ఎఫ్ఎస్', ఎక్స్‌ఎఫ్ఎస్ అయితే 'ఎక్స్‌ఎఫ్ఎస్_గ్రోఎఫ్ఎస్' సర్వర్ నడుస్తుండగానే పనిచేస్తాయి. చివరగా, కన్సోల్ (నెట్‌వర్క్ లేకున్నా సర్వర్ తెరను చూసే మార్గం) అందుబాటులో ఉన్నప్పుడే రీబూట్ చేసి, 'స్వాప్‌ఆన్'కు 'షో' ఆప్షన్ ఇచ్చి కొత్త స్వాప్ కనబడుతోందో లేదో చూడండి.