పిల్లి నాలుకను చూసి బ్రష్ తయారుచేయడం: ఒక కట్టుడు పళ్ళ టెక్నీషియన్ పద్ధతి

మనుషులకు కట్టుడు పళ్ళు చేసే ల్యాబ్‌లో నా పని. మైనం, అచ్చులు, సిలికాన్, రెసిన్ ప్రింటర్ (ద్రవ రెసిన్‌ను కాంతితో పొరపొరగా గట్టిపరిచి వస్తువులు చేసే 3డి ప్రింటర్), వీటితోనే రోజంతా గడుస్తుంది. ఇంట్లో పొడవాటి బొచ్చున్న నల్ల పిల్లి ఉంది, పేరు మసి. తీగల బ్రష్ చేతిలోకి తీసుకుంటే చాలు, మంచం కిందకు దూరేది. దొరికితే నా మణికట్టు గీరేది. అదే పిల్లి గంటలకొద్దీ కూర్చుని తనను తాను నాక్కుంటుంది, ఒక్కసారి కూడా ఉలిక్కిపడదు. దాని నాలుకలో ఏముందో చూద్దామని మొదలుపెట్టి నాలుగు బ్రష్‌లు పాడుచేశాను. ఐదోది పనికొచ్చింది. మీకు ఆ నాలుగూ తప్పించడానికే ఇది రాస్తున్నాను.

ముందు నాలుక సంగతి. పిల్లి నాలుక మధ్యభాగంలో గొంతువైపు వంగిన ముళ్ళుంటాయి. మన గోళ్ళలాగే కెరటిన్‌తో తయారైనవి. ఒక్కోటి రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ పొడవు. ఇవి లోపల ఖాళీ లేని ముళ్ళేనని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు ఇంటి పిల్లి నుంచి పులి, సింహం దాకా ఆరు జాతుల నాలుకలు పరిశీలించి, ముల్లు కొనలో చిన్న తొట్టి ఉందని 2018లో ప్రచురించారు. ముల్లు నోట్లో ఉన్నప్పుడు ఆ తొట్టి ఉమ్మిని దానంతటదే పీల్చుకుంటుంది, బొచ్చు లోపలికి దిగాక వదులుతుంది. అంటే పైపైన తడపడం కాదు, తడి చర్మం దాకా వెళ్తుంది. ఆ ముళ్ళను పెద్దవి చేసి వాళ్ళే ఒక బ్రష్ కూడా తయారుచేశారు.

అందరినీ ఆకట్టుకునేది ఆ తొట్టే. నన్నూ అదే ఆకట్టుకుంది, అందుకే మొదటి బ్రష్ పాడైంది. తొట్టి మీద మూడు రోజులు కూర్చుని, ముళ్ళన్నీ గట్టి పలకలో బిగించేశాను. మసి మెడ మీద ఒక్కసారి లాగగానే చిక్కు తగిలింది, ముల్లు కదల్లేదు, బొచ్చు కదల్లేదు, పిల్లి మాత్రం కదిలింది. నాకు చెలగాటం, పిల్లికి ప్రాణసంకటం. రెండు రోజులు నా గదిలోకి రాలేదు.

పళ్ళ పని చేసేవాడిని, ఆ తప్పు చేయకూడదు. సహజమైన పన్ను ఎముకలో మేకులా దిగి ఉండదు. పంటికీ ఎముకకూ మధ్య ఇంచుమించు 0.2 మి.మీ. మందంలో మెత్తటి పొర ఉంటుంది, నమిలేటప్పుడు పన్ను ఆ పొరలో కొద్దిగా ఊగుతుంది. పిల్లి నాలుకలోనూ గట్టి ముల్లు మెత్తటి కండలో నిలబడి ఉంది. మామూలుగా వాలి ఉంటుంది. చిక్కు అడ్డొస్తే ఆ లాగుడుకే నిటారుగా లేచి చిక్కులోకి దిగి వెంట్రుకలను విడదీస్తుంది. మొన తర్వాత చూసుకోవచ్చు, ముందు వేరు ఎంత ఊగుతుందో తేల్చుకోండి.

ముల్లు నమూనా గీయడానికి కూర్చునేముందు బొచ్చు కొలవాలి. పొడవు కాదు, నొక్కినప్పటి మందం. జంతువు పడుకుని ఉన్నప్పుడు వీపు మీద వేలితో మెల్లగా అదిమి, పక్కన చిన్న స్కేలు పెట్టి చూడండి. ముల్లు పొడవు ఆ కొలతకన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే పైబొచ్చును నిమరడమే అవుతుంది. పర్షియన్ పిల్లులకు వాటి నాలుకే చాలకపోవడానికి కారణం ఇదే: వాటి బొచ్చు అదిమినా ముళ్ళ కన్నా మందంగా ఉంటుంది, అందుకే రోజూ దువ్వకపోతే అట్టలు కడుతుంది. మసికి వీపు మీద 5 మి.మీ., తొడల దగ్గర 7 వచ్చింది. ముల్లు పైకి కనిపించే భాగం 9 మి.మీ. పెట్టుకున్నాను. అసలు ముల్లుకు దాదాపు నాలుగు రెట్లు.

ఇప్పుడు ముల్లు. మొత్తం 12 మి.మీ., అందులో కింది 3 మి.మీ. వేరు. నడుము మందం 1.5, కొన దగ్గర 1.2. కొన సూదిలా ఉండకూడదు, గుండ్రంగా తిప్పండి. ముల్లంతా పులిగోరులా కొద్దిగా ముందుకు వంగాలి. కొన నుంచి 3 మి.మీ. మేర 0.6 మి.మీ. వెడల్పున గాడి తీయండి, ఇదే తొట్టి. ఇరువైపులా గోడలకు 0.3 మిగులుతుంది, రెసిన్ ప్రింటర్‌కు అది సాధ్యమే. ప్లాస్టిక్ తీగ కరిగించి పోసే ప్రింటర్‌తో ప్రయత్నించకండి. దాని మూతి సాధారణంగా 0.4 మి.మీ., గాడి పూడిపోతుంది, పైగా పొరల అంచులు వెంట్రుకలను కొరుకుతాయి. ఆ ప్రింటర్ ఒక్కటే ఉంటే గాడి మానేసి ముల్లు మాత్రం చేసుకోండి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. చిక్కు తీయడానికి తొట్టి అక్కర్లేదు.

వేరు దగ్గర తొందరపడొద్దు. గట్టిపడ్డ రెసిన్‌కు సిలికాన్ అతుక్కోదు. మా పనిలో పింగాణీ పన్ను కూడా కట్టుడు పళ్ళ చిగురుకు అతుక్కోదు, అందుకే పన్ను అడుగున రంధ్రమో పిన్నో ఉంటుంది. చిగురు పదార్థం అందులోకి పారి గట్టిపడి పన్నును పట్టుకుంటుంది. ఇక్కడా అదే చేయండి: వేరు కింద 3 మి.మీ. వెడల్పున గుండీలాంటి పాదం, దాని పైన వేరులో అడ్డంగా ఒక మి.మీ. రంధ్రం. పాదం లేకుండా చేసిన రెండో బ్రష్‌లో ముళ్ళు ఒక్కొక్కటే ఊడొచ్చాయి. వాటిలో ఒకటి నీళ్ళగిన్నె పక్కన దొరికింది, పిల్లి మింగలేదు కాబట్టి సరిపోయింది.

రెసిన్‌లో పెళుసుది వద్దు, వంగితే తట్టుకునే రకం తీసుకోండి. ఒక ముల్లును పట్టకారతో పట్టి వంచి చూడండి, టక్కున విరిగితే ఆ రెసిన్ పక్కన పెట్టేయండి. ప్రింట్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండుసార్లు కడిగి, గాడిలో మిగిలిన రెసిన్‌ను సిరంజితో గాలి ఊది వదిలించాలి. తర్వాత అతినీలలోహిత కాంతిలో పూర్తిగా గట్టిపరచాలి. పచ్చి రెసిన్ చర్మానికి మంచిది కాదు, మీకైనా పిల్లికైనా.

మూడో బ్రష్ పాడైంది ఇక్కడే. ప్లాటినం రకం, అంటే ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడే సిలికాన్ పోశాను. పైన చక్కగా గట్టిపడింది, ముళ్ళ వేళ్ళ చుట్టూ మాత్రం జిగురుగా ఉండిపోయింది. సరిగ్గా గట్టిపడని రెసిన్ ఈ సిలికాన్‌ను గట్టిపడనివ్వదు. లేటెక్స్ గ్లవ్స్‌లోని గంధకం కూడా అంతే చేస్తుంది. ఈ మాట ల్యాబ్‌లో కొత్తవాళ్ళకు నేనే చెప్తుంటాను. కాబట్టి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, ముళ్ళను కాంతిలో ఇంకో విడత పెట్టండి, ఒకే ఒక్క ముల్లు మీద చెంచాడు సిలికాన్ పోసి చూశాకే మిగతాది కలపండి.

సిలికాన్ మెత్తదనాన్ని షోర్ స్కేల్‌లో చెప్తారు: ముందు స్కేల్ రకం (A, లేదా ఇంకా మెత్తనివాటికి 00), పక్కన అంకె, అంకె పెరిగేకొద్దీ గట్టిదనం. A 30 వాడితే ముళ్ళు బిర్రుగా నిలబడ్డాయి, గట్టి పలకకు పెద్ద తేడా లేదు. అంతకన్నా బాగా మెత్తనిది, 00 30, వాడితే బొచ్చు తగలగానే అన్నీ వెనక్కి పడుకున్నాయి. A 10 దగ్గర కుదిరింది. పరీక్ష సులువు: ఊలు దారంతో చిక్కుముడి వేసి, స్ప్రింగ్ త్రాసుకు తగిలించి బ్రష్‌తో లాగండి. ముల్లు నిటారుగా లేవాలి, ముడి విడాలి. మొండి ముడైతే ముల్లు ఇంకా వెనక్కి వాలి దాన్ని వదిలేయాలి. త్రాసు ముల్లు ఎగిరెగిరి పడితే సిలికాన్ గట్టిదని అర్థం.

పోత ఇలా. 55 × 40 మి.మీ. పలకలో 45 డిగ్రీల వాలుతో రంధ్రాలున్న అచ్చు ఒకటి ప్రింట్ చేయండి. ఏడు వరుసలు, రంధ్రాల మధ్య 5 మి.మీ., ఒక వరుసలో 10, తర్వాతి దానిలో 9, ఒకదాని సందులో ఇంకొకటి వచ్చేలా. మొత్తం 67. ముళ్ళన్నీ తలకిందులుగా, వంపులు ఒకే వైపుకు తిరిగేలా దించండి, వేరు, పాదం పైకి ఉండాలి. రంధ్రాల సందులను మెత్తటి మైనంతో పూడ్చండి, లేకపోతే సిలికాన్ కిందకు కారి ముళ్ళను అంటిస్తుంది. చుట్టూ మైనం పట్టీతో గోడ కట్టి, 6 మి.మీ. ఎత్తు వచ్చేలా సన్నటి ధారగా ఒక మూల నుంచి పోయండి. అది గట్టిపడకముందే బ్రష్ పిడి ఉన్న పలకను పైన ఆనించండి. పిడి పలకకూ రంధ్రాలు కావాలి, సిలికాన్ వాటిలోంచి పైకి వచ్చి గుండీల్లా బిగుసుకుంటుంది. విడదీశాక గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే మైనం మెత్తబడి వచ్చేస్తుంది. నాలుగో బ్రష్ గురించి ఒక్క మాటే: వంపులు కొన్ని అటూ కొన్ని ఇటూ పెట్టాను, దానితో ఏ వైపుకు లాగినా చిక్కే.

పిల్లికి పెట్టేముందు మీ ముంజేతి లోపలి వైపు, కొంచెం బరువేసి పదిసార్లు లాగండి. ఎర్రటి గీతలు పడితే కొనలు ఇంకా గుండ్రం చేయాలి. తొట్టి పని చేస్తోందా అన్నది చూడటానికి పళ్ళెంలో నీళ్ళు పోసి, కొనలు మాత్రం ముంచి తీసి, పేపర్ మీద నొక్కండి. 67 చుక్కలు పడాలి. కొన్ని చోట్ల పడకపోతే గాడి పూడిందని, లేదా రెసిన్ నీటిని విదిలిస్తోందని. గాడి లోపల సన్నటి గరుకు కాగితం మడిచి రుద్దితే తడి పట్టుకుంటుంది. బొచ్చు తడపడానికి తొట్టిలో మామూలు నీళ్ళు తప్ప ఇంకేదీ నింపకండి. బొచ్చుకు అంటినదంతా పిల్లి కడుపులోకే పోతుంది, టీ ట్రీ నూనెలాంటివి పిల్లులకు విషం.

వాడేటప్పుడు కొనలు వంగిన దిక్కుకే, బొచ్చు పెరిగే దిక్కులో లాగండి. పొట్టిగా, నాలుక నాకినంత పొడవే. మసికి మొదట చెంపల మీద మొదలుపెట్టాను, అక్కడైతే అదే వచ్చి రుద్దుకుంటుంది. వీపు దాకా రావడానికి వారం పట్టింది. పొట్ట ఇంకా ముట్టనివ్వదు, నేనూ అడగడం మానేశాను. చర్మానికి అట్టకట్టుకుపోయిన బొచ్చు మీద మాత్రం ఏ బ్రష్ ప్రయోగించొద్దు. పిల్లి చర్మం పలుచన, కత్తెర అసలే వద్దు. పశువైద్యుల దగ్గర మెషీన్‌తో తీయించండి.

వేరే జంతువు కోసం చేస్తుంటే నాలుకే మూలం కానక్కర్లేదు. పలుచటి, పొడవాటి వెంట్రుకలను పాయలుగా విడదీయాలంటే లీమర్‌ను చూడండి. దాని కింది దవడలో ముందరి ఆరు పళ్ళు సన్నగా, ముందుకు వాలి దువ్వెనలా ఉంటాయి. అందులో ఇరుక్కున్న బొచ్చు తీయడానికి నాలుక కింద ఇంకో చిన్న నాలుకలాంటి భాగం కూడా ఉంది. దువ్వెన శుభ్రం చేసుకునే ఏర్పాటు అంత ముచ్చటగా ఇంకెక్కడా చూడలేదు నేను.

మన బ్రష్‌కు అంత ఏర్పాటు లేదు గానీ అవసరమూ లేదు. కొనలు చూసే దిక్కుకు వేలితో తోస్తే బొచ్చంతా చాపలా లేచి వస్తుంది. తీగల బ్రష్‌లోంచి గిల్లి గిల్లి తీసిన రోజులు గుర్తొస్తే దీనికోసమైనా చేసుకోవచ్చనిపిస్తుంది. వారానికోసారి సబ్బునీళ్ళలో కడిగి, కొనలు కిందకు ఉండేలా ఆరబెట్టండి. ఆరాక ముళ్ళు లెక్కపెట్టండి. 66 వస్తే ఆ ఒక్కటి ఎక్కడుందో దొరికేదాకా బ్రష్ పక్కన పెట్టండి, పిల్లి బొచ్చంతా వేళ్ళతో వెతకండి. కొత్త ముల్లు అతికించే ప్రయత్నం చేయొద్దు, ముళ్ళున్న సిలికాన్ దిండు మొత్తం మళ్ళీ పోసుకోండి. అచ్చు ఎలాగూ ఉంటుంది.